రాష్ట్రేతరాంధ్ర బాలలు: నాట్యము, కథ, చదువు

ఒక జాతి తన పుట్టినచోటు విడిచి వేరొక సీమలో స్థిరపడినప్పుడు వెంట తీసికొనిపోవునవి పెక్కులు. ఇలవేల్పు, ఇంటిపేరు, వంటతీరు, పెండ్లితంతు మున్నగునవి మూడు నాలుగు శతాబ్దములు గడచినను నిలిచియుండుట మనము చూచుచునే యున్నాము. హోసూరు, మదుర, కోయంబత్తూరు సీమలందును, బళ్లారి, కోలారు మండలములందును, బరంపురము, పర్లాకిమిడి పట్టణములందును, షోలాపురపు నేతగాండ్ర పేటలందును ఇందులకు సాక్ష్యములు కొల్లలు. కాని భాష యట్టిది కాదు. ఇంటిపేరు అడుగకుండగనే బిడ్డకు సంక్రమించును. భాష మాత్రము ప్రతి తరమునకును మరల నీయవలసిన ఆస్తి. ఒక్క తరము ఈయ మరచిన యెడల, తరువాతి తరమున కది లేనట్లే.

బిడ్డకు భాష మూడు త్రోవల వచ్చును. చెవి త్రోవను కథగా వచ్చును; కంటి త్రోవను అక్షరముగా వచ్చును; దేహము త్రోవను ఆటగా, పాటగా, నాట్యముగా వచ్చును. తెలుగునాట నుండు బిడ్డకు ఈ మూడును వీధియు, బడియు, తిరునాళ్లును కలిసి యిచ్చుచుండును. పొరుగు రాష్ట్రమునందలి బిడ్డకో, ఎవరో ఒకరు పూనుకొని యీయవలయును. అట్లు పూనుకొన్న వారి చరిత్రను, ముఖ్యముగా తంజావూరు సీమయందును చెన్నపట్టణమునందును జరిగిన కృషిని, ఈ వ్యాసమున సంగ్రహముగా చెప్పదలచితిని. ఆ చరిత్రనుండి మన సంఘములు నేర్వదగిన పాఠ మొకటి కలదు.

మొదట నాట్యమునుగూర్చి. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము దెబ్బతిన్న పిమ్మట, తెలుగు పండితులును, భాగవతులును దక్షిణమునకు తరలి తంజావూరు నాయకరాజుల నాశ్రయించిరి. 16వ శతాబ్ది చివర నేలిన అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబముల వారికి ఒక్కొక్క యింటిని, ఒక్కొక్క బావిని, కొంత సాగుభూమిని దానము చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ రాజు పేరిట అచ్యుతపురమను నామము వహించిన ఆ గ్రామమే నేటి మేలట్టూరు. దాని చుట్టుపట్ల గల శాలియమంగళము, ఊత్తుకాడు, శూలమంగళము మున్నగు గ్రామములందును తెలుగు భాగవతమేళ నాటకము వ్రేళ్లూనినది.

మేలట్టూరు వేంకటరామశాస్త్రి 18, 19 శతాబ్దుల సంధికాలపు వారు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, రుక్మాంగద, మార్కండేయ మున్నగు నాటకములను వారు తెలుగున రచించిరి. వైశాఖమాసమున నృసింహజయంతి సందర్భమున నరసింహస్వామి సన్నిధిని రాత్రియంతయు ఆడు నాటకము లివి. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. నరసింహ పాత్రధారి ఉపవాసముండి ముఖకవచమును ధరించును. ఆ ముఖకవచమునకు పూజ జరుగును.

ఈ నాటకమున మన విషయమునకు ముఖ్యమైన అంశ మొకటి యున్నది. తొలుత కోణంగి ప్రవేశించి గంతులు వేసి జనుల నవ్వించును. తరువాత విఘ్నేశ్వరుని ముఖకవచము ధరించి రంగమునకు వచ్చువాడు ఒక చిన్న బాలుడు. ఆ గ్రామమున పుట్టిన బిడ్డ, వీధిలో తమిళము మాటలాడుకొనుచు పెరిగిన బిడ్డ, తెలుగు నాటకపు తొలి ఘట్టమున దేవుడై అడుగుపెట్టుచున్నాడు. మరికొంత పెద్దవాడై ప్రహ్లాదుడగును, గొంతు నిలిచిన పిమ్మట లీలావతి యగును, వయసు ముదిరిన పిమ్మట హిరణ్యకశిపుడో, పాఠము చెప్పు గురువో యగును. జీవితమంతయు ఒక తెలుగు నాటకమును మెట్లు మెట్లుగా ఎక్కుటయే వారి విద్యాభ్యాసము. పాఠశాల లేదు, పాఠ్యపుస్తకము లేదు, ప్రభుత్వపు సాయము లేదు. అయినను భాష నాలుగు శతాబ్దములు నిలిచినది.

20వ శతాబ్ది పూర్వార్ధమున ఈ కళ క్షీణించుచుండగా, మేలట్టూరున బాలు భాగవతర్ మున్నగు వారును, చెన్నపట్టణమున ఇ. కృష్ణయ్యర్ గారును దాని పునరుద్ధరణకు పాటుపడిరి. రుక్మిణీదేవి అరండేలు తమ కళాక్షేత్రమున ఉషాపరిణయమును ప్రదర్శింపజేసిరి. వీరిలో కృష్ణయ్యర్, రుక్మిణీదేవి తెలుగువారు కారు. తెలుగు నాటకమును కాపాడుటకు తమిళులు ముందునకు వచ్చిరన్న సంగతిని మనము కృతజ్ఞతతో స్మరింపవలయును.

తంజావూరు సీమలో తెలుగు ఒక కులమునకో, ఒక ప్రాంతమునకో చెందిన భాషగా కాక కళాభాషగా వర్ధిల్లినది. మువ్వకు చెందిన క్షేత్రయ్య 17వ శతాబ్దిలో విజయరాఘవ నాయకుని కొలువును దర్శించెను. ఆ కొలువునందే రంగాజమ్మ మన్నారుదాస విలాసమను యక్షగానమును రచించినది. నాయకుల పిమ్మట వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు సైతము తెలుగును విడువలేదు. 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు తాను మహారాష్ట్రుడయ్యు, తిరువారూరు త్యాగేశుని సేవకై పల్లకి సేవా ప్రబంధమును తెలుగున వ్రాసెను. తంజావూరు సరస్వతీ మహలునందలి తెలుగు వ్రాతప్రతులు నేటికిని ఆ కాలమునకు సాక్షులు.

క్షేత్రయ్య పదములను నేటి వరకు మోసికొని వచ్చినవారిలో చెన్నపట్టణపు వీణ ధనమ్మాళ్ (1867-1938) కుటుంబము అగ్రగణ్యము. ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918-1984) ఆ పదములకు అభినయము పట్టుటలో సాటిలేనిదని పేరుగాంచెను. ఆమె తల్లి జయమ్మాళ్ పాడుచుండగా బాలసరస్వతి అభినయించుచుండెడిది. పదమునకు అభినయము పట్టుట యనగా ఒకే పంక్తిని పాడువారు మరల మరల పాడుచుండగా, ఆడువారు ప్రతిసారియు ఆ మాటలోని వేరొక భావమును ముఖమునను చేతులందును చూపుట. మాట తెలియనిచో ఈ పని సాగదు. నేర్చిన ముద్రను పదిసార్లు చూపవచ్చును గాని, పది భావములను చూపుట అసాధ్యము. కావున మంచి గురువులు పాదముతో పాటు పదార్థమును గూడ నేర్పిరి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మరల దీనికి వత్తును.

అయితే నాట్యము త్రోవకు ఒక పరిమితి యున్నది. అది కొందరికే అందును. మేలట్టూరున అది కొన్ని కుటుంబములకు, చెన్నపట్టణమున కళావంతుల యిండ్లకు పరిమితమై యుండెను. తక్కిన బిడ్డలు, అనగా గుమాస్తా కొడుకును, బేరగాని కూతురును, పనివాని పిల్లలును తెలుగును ఎట్లు పొందవలయును? వీరికై 20వ శతాబ్దిలో రెండు కొత్త సాధనములు వచ్చినవి. ఒకటి రేడియో, రెండవది పిల్లల మాసపత్రిక. రెండును చెన్నపట్టణముననే పుట్టినవి.

చెన్నపట్టణమున ఆకాశవాణి కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలయువరకు ఆంధ్ర మండలములకును ఆ కేంద్రమే తెలుగు వినిపించెడిది. అందు పిల్లల కార్యక్రమమును నడపిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గారలు. తెలుగు బాలలకు వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. రాఘవరావుగారు 1905లో బరంపురమున జన్మించిరి. అనగా తెలుగు బాలలకందరకును అన్నయ్యయైన ఆ మహానుభావుడు స్వయముగా రాష్ట్రేతరాంధ్రుడే. ఒడిస్సాయందలి మన సోదరులు గర్వింపదగిన విషయ మిది.

వారి పద్ధతిని గమనింపుడు. పెద్దలు మాటలాడగా పిల్లలు వినుట అంతకు ముందున్న రీతి. అన్నయ్య, అక్కయ్య గారలు పిల్లలనే మైకు ముందునకు తెచ్చిరి. కథ చెప్పువారు పిల్లలు, పాట పాడువారు పిల్లలు, నాటిక ఆడువారు పిల్లలు. తమ యీడు వాని గొంతు రేడియోలో విన్న బిడ్డకు తానును అట్లు మాటలాడవలెనను కోరిక పుట్టుట సహజము. 1940 ప్రాంతమున వారు స్థాపించిన బాలానంద సంఘము ఈ పనినే సభారంగముపై చేసినది. పిల్లలు కూడుట, ఆడుట, పాడుట, అందులోనుండియే భాష నేర్చుట దాని ధర్మము.

విన్న మాట గాలిలో కలిసిపోవును. అచ్చుపడిన మాట నిలుచును. ఇది యెరిగియే అన్నయ్యగారు 1945లో బాల యను మాసపత్రికను స్థాపించిరి. పిల్లల కొరకు పెద్దలు వ్రాయుటయే కాక, పిల్లలు వ్రాసిన దానిని గూడ ప్రకటించుట ఆ పత్రిక గొప్పతనము. అప్పటికి పదునాలుగేండ్ల బాలుడైన ముళ్లపూడి వెంకటరమణ గారి తొలి కథ, అమ్మ మాట వినకపోతే అనునది, 1945లో ఆ పత్రికయందే వెలువడినది. బాపు గారి చిన్ననాటి బొమ్మలకును అది చోటిచ్చినది. చెన్నపట్టణమున చదువుకొనుచున్న ఇద్దరు బాలురకు ఒక చిన్న పత్రిక తలుపు తెరచుటవలన తెలుగు జాతికి కలిగిన లాభ మెంతయో వేరుగ చెప్ప నక్కరలేదు. బిడ్డను చదువరిగా మాత్రమే కాక వ్రాయసకానిగా గూడ గౌరవించుటయే ఆ దంపతులు మనకు విడిచిన పాఠము.

రెండేండ్ల పిమ్మట, 1947 జూలైలో, బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు చందమామను స్థాపించిరి. తెలుగున చందమామగను, తమిళమున అంబులిమామగను అది జంటగా వెలువడినది. కాలక్రమమున కన్నడ, హిందీ, మరాఠీ, ఒడియా మున్నగు భాషలకును విస్తరించినది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980లో మరణించు వరకు దానికి సేవ చేసిరి. చిన్న వాక్యము, తెలిసిన మాట, తడబడని కథాక్రమము ఆ పత్రిక గుణములు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య, ఎం. టి. వి. ఆచార్య గారల బొమ్మలు చదువురాని బిడ్డను సైతము పుటలోనికి పిలిచెడివి. బొమ్మ చూచిన బిడ్డ, క్రింద నేమున్నదని అడుగును. అడిగిన బిడ్డకు అమ్మ చదివి వినిపించును. నాలుగు నెలలు గడచునప్పటికి ఆ బిడ్డయే కూడబలుకుకొని చదువుకొనును. తెలుగు బడి లేని ఊళ్లలో ఎందరికో ఈ పత్రికయే బడి యైనది. నెల మొదటి వారమున చందమామకై ఎదురుచూచుట తెలియనివారు నా యీడు వారిలో అరుదు.

ఇంతలో నాట్యము గూడ తన పాత యెల్లలను దాటినది. కూచిపూడియందు 1929లో జన్మించిన వెంపటి చినసత్యము గారు చెన్నపట్టణమునకు వచ్చి, 1963లో కూచిపూడి ఆర్టు అకాడమీని నెలకొల్పిరి. భాగవతుల కుటుంబములలోని పురుషులకు పరిమితమై యుండిన విద్యను వారు ఆడపిల్లలకును, తెలుగేతరులకును, విదేశీయులకును నేర్పిరి. శ్రీకృష్ణపారిజాతము, క్షీరసాగర మథనము, పద్మావతీ శ్రీనివాస కల్యాణము మున్నగు నృత్యనాటకములు ఆ సంస్థనుండి వెలువడినవి. పెక్కింటికి తెలుగు అధ్యాపకులైన ఎస్. వి. భుజంగరాయశర్మ గారు మాటలు కూర్చిరి, పట్రాయని సంగీతరావు గారు సంగీతము కట్టిరి. కవి, గాయకుడు, నాట్యాచార్యుడు ఒకచోట గూర్చుండి పనిచేయుట అచ్చట జరిగినది. 2012లో చినసత్యము గారు పరమపదించిరి గాని, వారి శిష్యులు నేడు పలు దేశములందు పాఠము చెప్పుచున్నారు.

కాలము మారినది. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడిన పిమ్మట చెన్నపట్టణమునందలి తెలుగు సంస్థలు ఒక్కొక్కటిగా హైదరాబాదునకు తరలినవి. అన్నయ్య, అక్కయ్య గారలును అచ్చటికే చేరిరి. అక్కయ్యగారు 1980లోను, అన్నయ్యగారు 1984లోను గతించిరి. వారి త్రోవలో హైదరాబాదు ఆకాశవాణియందు బాలల కార్యక్రమములను నడిపి, తానును రేడియో అక్కయ్య యనిపించుకొన్న విదుషి తురగా జానకీరాణి గారు (1936-2014). ఆమె కథారచయిత్రి; పిల్లలకై పుస్తకములు వ్రాసినది; శాస్త్రీయ నృత్యమునందును శిక్షణ పొందినది. నేను మొదట చెప్పిన మూడు త్రోవలు, చెవి, కన్ను, దేహము, ఒక్క వ్యక్తియందు కలసినవనుటకు ఆమె జీవితము నిదర్శనము. నృత్యము నేర్చిన వారికి మాటలోని లయ తెలియును. కథ వ్రాయువారికి మాటలోని అర్థము తెలియును. పిల్లలను గూర్చుండబెట్టుకొని మాటలాడించు వారికి ఏ మాట బిడ్డకు అందునో, ఏది అందదో తెలియును. ఈ మూడు తెలివిడులు వేరువేరు మనుష్యులయందుండి, ఒకరికొకరు ఎదురుపడకుండుటయే నేటి మన లోపము.

నేటి స్థితి యెట్లున్నది? తమిళనాట 2006లో వచ్చిన శాసనము ననుసరించి తమిళము అన్ని బడులలోను క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట మన విధియే. దానికి వెరవ పనిలేదు. కాని దాని ప్రక్కన మాతృభాషకు చోటు చిక్కుట కష్టమైనది. చందమామ ఈ శతాబ్ది రెండవ దశకమున ఆగిపోయినది. ఇట్లు చదువు త్రోవ సన్నగిల్లగా, నాట్యము త్రోవ మాత్రము విశాలమైనది. నేడు పొరుగు రాష్ట్రపు నగరములలో కూచిపూడియో, భరతనాట్యమో నేర్చుచున్న తెలుగు బిడ్డలు మన సంఘముల ప్రతి వార్షికోత్సవమునను కనుపించుచున్నారు. తెలుగు పదమునకు ఆడుచున్నారు, తెలుగు దరువు పాడుచున్నారు. కాని వారి పాఠపు పుస్తకము తెరచి చూచినచో, ఆ తెలుగు పాట తమిళ లిపిలోనో, ఇంగ్లీషు లిపిలోనో వ్రాసియుండును. ఇది నేను పలుమార్లు కన్నులార చూచిన విషయము. ఆ బిడ్డలను తప్పుపట్టుటకు కాదు; వారికి అక్షరము నీయని పెద్దలము మనమే గదా.

లిపి ఏదైన నేమి, పాట వచ్చిన చాలదా యని అడుగువారు కలరు. చాలదనుటకు కారణము చెప్పెదను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము; ప, ఫ, బ, భ లకు ఒక్కటే అక్షరము. ఆ లిపిలో వ్రాసినచో బాల యనునదియు, పాల యనునదియు, ఫాల యనునదియు ఒక్కరీతిగానే యుండును. మొదటిది పసిపిల్ల, రెండవది పాలకు సంబంధించినది, మూడవది నొసలు. సంగీత గ్రంథములలో తమిళులు ఈ చిక్కు నెరిగి అక్షరముపై ఒకటి, రెండు, మూడు, నాలుగు అను అంకెలు వేయుదురు. పరభాషను అంత శ్రద్ధగా పలుక యత్నించుట వారి ఘనత. కాని అంకెలు లేని బిడ్డ పుస్తకమున ఆ భేదము పోవును. ఇంగ్లీషు లిపిలో మన పిల్లలు వ్రాసికొను తీరున కల, కళ, కాల, కాళ అను నాలుగును ఒక్కటే యగును.

నాట్యమున దీని ఫలిత మేమో ఆలోచింపుడు. బాల యన్నచోట చేయి యొకరీతిగ పట్టవలయును, ఫాల మన్నచోట చేయి నొసటి కడకు పోవలయును. కల యన్నచోట కన్ను మూతపడవలయును, కళ యన్నచోట ముఖము వికసింపవలయును. గురువు చూపిన ముద్రను శిష్యురాలు చూచి నేర్చుకొనును, నిజమే. కాని ఆమె రేపు గురువగును. అప్పుడు పుస్తకమున నున్న తప్పుమాట ఆమె శిష్యురాలికి పోవును. అట్లు రెండు తరములు గడచునప్పటికి మాట యొకటి, ముద్ర యొకటి యగును. బాలసరస్వతి వంటి వారు ఒక్క పంక్తికి పది భావములు చూపినది మాటపై అధికార ముండుటవలననే. మాట పోయినచో అభినయము కసరత్తుగా మిగులును.

ఈ చిక్కు అన్ని రాష్ట్రములందును ఒక్కరీతిగ లేదు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. అందు మన ధ్వనులన్నియు కలవు. కన్నడము చదువ వచ్చిన బళ్లారి, బెంగుళూరు బిడ్డలకు తెలుగు అక్షరములు కొద్ది దినముల పని. ఒడియా, నాగరి లిపులలో ఖ, ఘ, ఫ, భ లు చక్కగా నున్నవి గాని, హ్రస్వములైన ఎ, ఒ లు లేవు. అందువలన బరంపురపు బిడ్డయో, షోలాపురపు బిడ్డయో ఆ లిపులలో వ్రాసికొన్నచో మెడయు, మేడయు ఒక్కటే యగును. నాయిక మెడలో హారము వేసికొనుచున్నదో, మేడపై నిలిచియున్నదో తెలియక ఆడవలసి వచ్చును. యానామునకు నాలుగు దిక్కులను తెలుగునేలయే, బడిలోను తెలుగే. అచ్చటివారికి ఈ బాధ లేదు. అదృష్టవంతులైన ఆ సోదరులు పుస్తకములు పంపియు, చదువు చెప్పువారిని పంపియు తక్కినవారికి తోడ్పడవచ్చును.

ఇక చేయవలసినది. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి ముప్పదేండ్లకు పైగా కచేరీ కాగితములు వ్రాసినవాడను. కాగితముపై అక్షరము తప్పినచో పని యెట్లు తప్పునో ఎరిగినవాడను గనుక, సులభ సాధ్యమైన సూచనలు మాత్రమే చేయుచున్నాను.

మొదటిది. మన సంఘములు నడుపు నాట్యశాలలలోను, మన బిడ్డలు పోవు ఇతర గురువుల యిండ్లలో వారి అనుమతితోను, నాట్యపాఠమునకు ముందు అరగంట పఠనగోష్ఠి జరుపవలయును. అక్షరమాలతో ఆరంభింప నక్కరలేదు. బిడ్డకు ఇదివరకే నోటికి వచ్చిన పాటను పెద్ద తెలుగు అక్షరములలో వ్రాసి యీయవలయును. వచ్చిన పాటయే గనుక ఏ అక్షరము ఏ ధ్వనియో బిడ్డ తానే పోల్చుకొనును. సాధారణముగా చదువు తెలిసి పాట నేర్తురు. మన బిడ్డలకు పాట తెలిసి చదువు వచ్చును. మేలట్టూరు బాలురకు నాటకమే బడియైనట్లు, వీరికి నాట్యమే బడి కాగలదు.

రెండవది. ప్రతి పాట వెనుకను ఒక కథ కలదు. పారిజాతమో, గజేంద్రమోక్షమో, ప్రహ్లాదుని కథయో ఏదో ఒకటి యుండును. ఆ కథను చందమామ రీతిని, చిన్న మాటలతో, రెండు మూడు పుటలలో వ్రాసి బొమ్మతో అచ్చొత్తించి బిడ్డ చేతి కీయవలయును. వ్రాయుటకు మహాకవులు అక్కరలేదు. మన సంఘములందు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఎందరో కలరు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో కలరు. వారు చెప్పగా వ్రాసికొన్నను చాలును.

మూడవది. అన్నయ్య, అక్కయ్య గారల పద్ధతిని విడువరాదు. బిడ్డ చదివిన కథను సభలో తన మాటలతో చెప్పవలయును. వ్రాయగలిగిన దానిని నాలుగు పంక్తులైనను వ్రాయవలయును. ఇట్టి సంచికలలో పెద్దల వ్యాసములకు నూరు పుట లిచ్చుచున్నాము. బిడ్డలకు పది పుటలిత్తుము. తప్పులున్న నుండనిండు. పదునాలుగేండ్ల బాలుని కథను ఒక పత్రిక ప్రకటించుట వలన జరిగిన దేమో పైన చెప్పియున్నాను.

ధనమెక్కడిదందురేమో. వార్షికోత్సవమున వేదిక యలంకారమునకును, శాలువలకును, పూలదండలకును మనము చేయు వ్యయము అందరకును తెలిసినదే. అందులో కొంత భాగము ఈ చిన్న పుస్తకములకు మళ్లించినచో శాలువ కప్పించుకొను పెద్దలెవరును బాధపడరని నా నమ్మకము.

బిడ్డలకు ఇప్పటికే మూడు భాషల భారమున్నదని తలిదండ్రులు జంకుట సహజము. వారికి నేను చూపు సాక్ష్యము మేలట్టూరే. ఆ గ్రామమువారు వీధిలో తమిళులు, గుడి ముంగిట తెలుగువారు. ఒకటి రెండవదానికి అడ్డురాలేదు. పాటగా, ఆటగా వచ్చిన భాష బిడ్డకు బరువు కాదు. పరీక్షగా వచ్చినదే బరువు. మన మీయదలచినది మొదటి రకము.

కాలికి గజ్జె కట్టిన బిడ్డను చూచి మనము మురియుచున్నాము, మురియదగినదే. ఆ గజ్జెకు తోడుగా చేతికొక పుస్తకము నిచ్చిన నాడు, ఆ బిడ్డ ఆడుచున్న మాట ఆ బిడ్డ సొంతమగును. తాతలనాటి నుండి పరసీమలలో తెలుగును నిలిపిన మహనీయుల ఋణము తీర్చుకొనుటకు ఇంతకన్న తిన్ననైన మార్గము లేదు. సంఘాభిమానులెల్లరు ఈ విషయమును యోచించి, రానున్న విజయదశమి నాటికైన తమ తమ యూళ్ల నాట్యశాలలలో ఒక్కొక్క పఠనగోష్ఠిని ఆరంభింతురు గాక.